చేతి మాట వినని కత్తి

అందరికీ నమస్కారం. ఆటల తయారీ నేర్చుకుంటున్న పిల్లలతో పాటు, పుస్తకాలు చదివే పెద్దవాళ్లు కూడా చాలామంది వచ్చారు. అందుకని ఆట దగ్గర కాకుండా కథ దగ్గర మొదలుపెడతాను. కథ తెలిస్తేనే ఆ ఆట నన్ను ఎందుకంత నిరాశపరిచిందో అర్థమవుతుంది.

ఒక రాజు చావుకి దగ్గరపడి ఉన్నాడు. యుద్ధం అయిపోయింది. కొడుకు చేతిలో దెబ్బ తిన్నాడు, కొడుకుని తన చేత్తోనే చంపాడు. అటువైపు వాళ్లూ పోయారు, ఇటువైపు వాళ్లూ పోయారు. పక్కన ఒక్క వీరుడు మిగిలాడు. పేరు బెడివేర్. రాజు అతన్ని పిలిచి, "ఈ కత్తి తీసుకెళ్లి ఆ నీళ్లలో పారెయ్. ఏం కనిపించిందో వచ్చి చెప్పు" అన్నాడు. బెడివేర్ వెళ్లాడు. కత్తి పిడి చూశాడు, నిండా రత్నాలు. పారెయ్యడానికి మనసొప్పలేదు. ఒక చెట్టు కింద దాచేసి వచ్చి, పారేశానన్నాడు. "ఏం చూశావు?" అని రాజు అడిగాడు. "ఏముంది, అలలు, గాలి" అన్నాడు. అబద్ధమని రాజుకి తెలిసిపోయింది. మళ్లీ పంపాడు. మళ్లీ అదే అబద్ధం. మూడోసారి బెడివేర్ నిజంగానే విసిరాడు. నీళ్లలోంచి ఒక చెయ్యి పైకి లేచి ఆ కత్తిని పట్టుకుంది. మూడుసార్లు ఊపింది. కత్తితో సహా లోపలికి వెళ్లిపోయింది.

ఆ రాజు ఆర్థర్. ఆ కత్తి ఎక్స్‌కాలిబర్.

ఈ ఘట్టం మొదటిసారి చదివినప్పుడు నాకు వెంటనే గాండీవం గుర్తొచ్చింది. మహాప్రస్థానానికి బయల్దేరినప్పుడు పాండవులు అన్నీ వదిలేశారు కదా, అర్జునుడు మాత్రం గాండీవాన్ని వదల్లేక వెంట తెచ్చుకుంటాడు. సముద్రం దగ్గర అగ్ని ఎదురొచ్చి, "ఖాండవం కాల్చిన నాడు నీ కోసం వరుణుడి దగ్గర అడిగి తెచ్చాను, ఇక దాని పని అయిపోయింది, తిరిగి ఇచ్చెయ్" అంటాడు. అప్పుడు అర్జునుడు వింటినీ, అమ్ములపొదుల్నీ నీళ్లలో వేస్తాడు. రెండు కథలకీ చుట్టరికం ఉందని నేననడం లేదు. నీళ్లు ఇచ్చిన ఆయుధం చివరికి నీళ్లకే చేరాలి, వదలడం మాత్రం ప్రాణం మీదికొచ్చినంత కష్టం అనే ఊహ అక్కడా పుట్టింది, ఇక్కడా పుట్టింది. అంతే.

ఆర్థర్ కథలో కత్తి అంటే ఉత్త ఇనుము కాదని చెప్పడానికి ఇదంతా చెప్పాను. రాయిలో దిగిన కత్తిని ఎంతమంది బలవంతులు లాగినా రాదు. ఓ కుర్రాడు లాగితే వచ్చేస్తుంది. కత్తి ఎవరి చేతి మాట వింటుందో వాడే రాజు. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి, ఈ సాయంత్రం మొత్తం దాని చుట్టూనే తిరుగుతాం.

ఆర్థర్ నిజంగా ఉన్నాడా అని అడిగితే చరిత్రకారులు తేల్చి చెప్పలేరు. కథ మాత్రం చేతులు మారుతూ పెరిగింది. 1136 ప్రాంతంలో జెఫ్రీ ఆఫ్ మన్మత్ అనే ఆయన బ్రిటన్ రాజుల చరిత్ర అని లాటిన్‌లో ఒక పుస్తకం రాశాడు. అందులో ఆర్థర్ కత్తి పేరు కాలిబర్న్, ఆవలాన్ దీవిలో పోత పోసినది. తర్వాత ఫ్రెంచి కవులు అందుకున్నారు. ఆర్థర్ కొలువులో పేరుమోసిన వీరుడు లాన్సెలాట్ వాళ్లు తెచ్చినవాడే. గ్రెయిల్ అనే పవిత్ర పాత్ర కోసం వెతుకులాట కూడా వాళ్ల దగ్గర్నుంచి వచ్చిందే. చివరికి సర్ థామస్ మాలరీ ఆ కథలన్నిటినీ ఇంగ్లీషులో ఒక్కచోట చేర్చాడు. 1485లో కాక్స్‌టన్ దాన్ని అచ్చు వేశాడు. మాలరీ తనని తాను ఖైదీగా ఉన్న వీరుడని చెప్పుకున్నాడు. జైల్లో కూర్చుని రాసిన పుస్తకమది. అందుకేనేమో, అందులో కోట కట్టిన సంబరం కంటే కోట కూలిన దుఃఖం ఎక్కువ వినిపిస్తుంది నాకు.

మాలరీలో ఒక చిన్న చోటు ఉంది. చాలామంది దాటి వెళ్లిపోతారు. రాయిలోంచి లాగిన కత్తి ఒక పోరాటంలో విరిగిపోతే, సరస్సులో ఉండే దేవత ఆర్థర్‌కి ఎక్స్‌కాలిబర్ ఇస్తుంది. దాంతో పాటు ఒర కూడా ఇస్తుంది. ఆర్థర్‌కి మంచిచెడ్డలు చెప్పే మాంత్రికుడు మెర్లిన్ అడుగుతాడు: "నీకు కత్తి ఎక్కువ నచ్చిందా, ఒర ఎక్కువ నచ్చిందా?" కుర్రరాజు కత్తి అంటాడు. ఎవరైనా అదే అంటారు. మెర్లిన్ అంటాడు, "తెలివితక్కువ మాట. ఆ ఒర పది కత్తుల పెట్టు. అది నీ ఒంటి మీద ఉన్నంత కాలం ఎంత గాయమైనా నెత్తురు పోదు. దాన్ని జాగ్రత్తగా చూసుకో."

అతను చూసుకోలేదు. దాచమని తల్లి ఒకటే అయిన అక్క మోర్గాన్ చేతికే ఇచ్చాడు. ఆమె అచ్చం అలాంటిదే మరొకటి చేయించి అసలుదాన్ని తన ప్రియుడికి ఇచ్చింది. ఆ సంగతి బయటపడి ఒర తిరిగొచ్చాక కూడా కథ ఆగలేదు. ఒకనాడు ఆర్థర్ కత్తి చేత్తో పట్టుకునే నిద్రపోతున్నాడు. మోర్గాన్ వచ్చి చూసింది. కత్తి లాగితే మెలకువ వస్తుంది. అందుకని ఒర పట్టుకుపోయింది. వెంట పడుతున్నారని తెలిసి దాన్ని లోతైన నీళ్లలో పారేసింది. ఇక ఆర్థర్‌ని కాపాడేది ఏదీ లేదు. కర్ణుడి కవచకుండలాలు పోయినట్టే. ఆ క్షణం నుంచి చివరి యుద్ధం దాకా కథ నడిచేదంతా దిగుడుబాటే.

ఇప్పుడు ఆట దగ్గరికి వస్తాను.

సోనిక్ మీ అందరికీ తెలుసు. నీలం రంగు హెడ్జ్‌హాగ్, ముళ్లపందికి చిన్న తమ్ముడి లాంటి జంతువు. 1991లో సెగా కంపెనీ ఆటలో పుట్టింది. దాని బతుకంతా పరుగు. 2009 మార్చిలో నింటెండో కంపెనీ వాళ్ల వీ మీద, అంటే టీవీకి తగిలించి ఆడే యంత్రం మీద, 'సోనిక్ అండ్ ది బ్లాక్ నైట్' అని ఒక ఆట వచ్చింది. దానికి రెండేళ్ల ముందు అరేబియన్ నైట్స్ కథల మీద ఒకటి చేశారు. ఇది రెండోది. సోనిక్ కథల పుస్తకంలోకి దూకుతాడన్న మాట.

ఈ పేరు చెప్పగానే పెదవి విరిచేవాళ్లు ఉంటారని తెలుసు. ఆర్థర్ రాజుకీ, పరిగెత్తే జంతువుకీ ఏం సంబంధం అని. ఒక్క మాట మనవి చేస్తాను. ఆ కథ రాసినవాళ్లు మాలరీని చదివారు. అదీ మామూలుగా కాదు, చాలా శ్రద్ధగా చదివారు. వాళ్లు తమ కథ మొత్తాన్ని ఆ ఒర మీద కట్టారు.

ఎలాగో చెప్తాను. మెర్లిన్ మనవరాలు మెర్లీనా మంత్రం వేసి సోనిక్‌ని తమ లోకానికి రప్పిస్తుంది. అక్కడ ఆర్థర్ నల్లటి కవచం తొడుక్కుని, పాతాళం నుంచి సైన్యాన్ని పిలిచి రాజ్యం మీద పడ్డాడు. ఎందుకంటే ఎక్స్‌కాలిబర్ ఒర అతనికి చావు లేకుండా చేసింది, చావు లేకపోవడం వల్లే పాడైపోయాడు. మాలరీలో ప్రాణం కాపాడే ఒర, ఇక్కడ మనిషిని మనిషి కాకుండా చేసే ఒర అయింది. సోనిక్ రాయిలోంచి ఒక కత్తిని లాగుతాడు. దాని పేరు కాలిబర్న్. చూశారా, జెఫ్రీ పెట్టిన పాత పేరు. ఆ కత్తికి ముఖం ఉంటుంది, నోరుంటుంది, సోనిక్‌ని పనివాణ్ణి అదిలించినట్టు అదిలిస్తుంది. దారిలో ఆర్థర్ గుండ్రటి బల్ల చుట్టూ కూర్చునే వీరులు ఎదురవుతారు. లాన్సెలాట్, గావైన్, పెర్సివల్. వాళ్ల ముఖాలు సోనిక్ ఆటల్లో మనకి ముందే తెలిసిన స్నేహితుల ముఖాలు. సరస్సు దేవత కూడా అలాగే. చిన్నపిల్లలకి ఇష్టమైన బొమ్మలే వేషాలు కట్టుకుని వచ్చి నాటకం ఆడుతున్నట్టు ఉంటుంది. నాకది చాలా నచ్చింది. మన పల్లెల్లో నాటకాలు వేసే రోజుల్లో కిరాణా కొట్టు ఆయనే ధర్మరాజు, ఎదురింటాయనే శకుని. వాళ్లెవరో మనకి తెలిసినా రాత్రి పదయ్యేసరికి వాళ్లు వాళ్లు కారు. ఆ నమ్మకం ఈ ఆటలో ఉంది.

సోనిక్ నల్ల వీరుణ్ణి ఓడిస్తాడు. అక్కడితో అయిపోయిందనుకుంటాం. అప్పుడు మెర్లీనా ఆ ఒర తీసుకుంటుంది. ఇక్కడ ఆట చూసినవాళ్లు ఎవరూ మర్చిపోలేని మాట చెప్తుంది. ఈ ఆర్థర్ అసలు లేడు. తన తాత మెర్లిన్ సృష్టించిన మాయ. నిజమైన రాజెవరూ లేరు. ఈ రాజ్యం కూలిపోతుంది, రాసిపెట్టి ఉంది. అందుకని ఒర శక్తితో ఎప్పటికీ అంతం లేని రాజ్యాన్ని తెస్తానంటుంది.

ఇది దుర్మార్గురాలి కోరిక కాదు. కథ ముందే చదివేసిన పిల్ల కోరిక. ఆఖరి పేజీలో అందరూ చనిపోతారని తెలిసి, ఆ పేజీ చింపేద్దామనుకున్న పిల్ల. ఆర్థర్ కథ చదివిన ప్రతివాళ్లూ ఏదో ఒక రాత్రి ఇదే అనుకుని ఉంటారు. సాల్స్‌బరీ దగ్గర ఆ చివరి యుద్ధం ఎలా మొదలైందో తెలుసా మీకు? సంధి మాటలు నడుస్తున్నాయి. ఎవరైనా కత్తి దూస్తే యుద్ధమే అని రెండు పక్షాలకీ చెప్పి ఉంచారు. పొదలోంచి ఓ పాము వచ్చి ఒక వీరుడి కాలి మీద కాటేసింది. పాముని చంపుదామని అతను కత్తి దూశాడు. దూరం నుంచి ఆ తళుకు చూసి రెండు సైన్యాలూ కలబడ్డాయి. ఒక్క పాము. అది రాకపోయి ఉంటే అనుకోకుండా ఉండగలమా? మెర్లీనా ఆ అనుకోవడాన్ని మంత్రంగా మార్చింది.

ఇంత కథ పెట్టుకున్న ఆట ఎక్కడ చెడింది? చేతిలో చెడింది.

ఆ ఏడాది నేను అమెరికాలో, డల్లాస్ పక్కన ఎంఎస్ చదువుతున్నాను. నలుగురం ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం, ఒకే సోఫా. నలుగురం తలా కొంత వేసుకుని సెకండ్ హ్యాండ్‌లో వీ కొన్నాం. ఆర్థర్ కథ పిచ్చి నాది కాబట్టి ఈ ఆట తెచ్చింది నేను. ఎడమ చేతిలో నంచక్, అంటే రిమోట్‌కి తీగతో తగిలించే చిన్న పిడి. దాని పుల్ల నొక్కితే సోనిక్ పరిగెత్తుతాడు. కుడి చేతిలో రిమోట్, అదే కత్తి. ఊపితే కత్తి తిరుగుతుంది.

మొదటి పావుగంట నిలబడి ఆడాను. మోచెయ్యి వెనక్కి లాగి, ఏటవాలుగా పైనుంచి కిందికి దింపాను. తెర మీద సోనిక్ కత్తి అడ్డంగా తిప్పాడు. అడ్డంగా తిప్పితే, నేను ఎలా తిప్పానన్నది లెక్క లేకుండా తన వరసలో రెండో దెబ్బ వేశాడు. అది కూడా వెంటనే కాదు. నా చెయ్యి ఆగిపోయాక, ఓ రెప్పపాటు తర్వాత. కొన్నిసార్లు దెబ్బ కోసం చెయ్యి వెనక్కి లాగగానే అదే ఊపు అనుకుని తిప్పేసేవాడు. అసలు దెబ్బ కొట్టేసరికి పాత దెబ్బలోనే ఉండేవాడు. అరగంట అయ్యేసరికి నేను కూర్చున్నాను. గంటకల్లా చెయ్యి ఒళ్లో పెట్టుకుని మణికట్టు మాత్రం విదిలిస్తున్నాను. జ్వరం చూడబోయే ముందు పాదరసం దిగడానికి ధర్మామీటర్ విదిలిస్తాం చూడండి, అచ్చం అలా. మిగతా ముగ్గురి చేతులూ అక్కడికే వచ్చి ఆగాయి. అప్పటి సమీక్షల్లో ఎక్కువమంది తప్పు పట్టింది కూడా ఈ ఊపుడునే.

ఎందుకలా అయిందో చెప్పాలి. ఆటలు తయారు చేయబోయే పిల్లలు ఇది కొంచెం జాగ్రత్తగా వినండి.

ఆనాటి వీ రిమోట్‌లో ఆక్సిలరోమీటర్ అనే చిప్ ఒకటుండేది. లోపల సిలికాన్‌తో చేసిన కంటికి కనపడనంత చిన్న బరువు, వెంట్రుక కంటే సన్నని స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది. చెయ్యి విసిరితే ఆ బరువు కొద్దిగా పక్కకి జరుగుతుంది. ఎంత జరిగిందో కొలిచి, ఇంత కుదుపు వచ్చింది అని యంత్రానికి చెప్తుంది. కుదుపు తప్ప మరేం తెలియదు దానికి. కళ్లు మూసుకుని ఆర్టీసీ బస్సులో కూర్చున్నారనుకోండి. బ్రేక్ వేస్తే ఒళ్లు ముందుకు తూలుతుంది, తెలుస్తుంది. గతుకులో పడితే తెలుస్తుంది. కానీ అరగంట తర్వాత, బస్సు ఇప్పుడు తూర్పుకి తిరిగి ఉందా, ఉత్తరానికా అంటే చెప్పలేరు. ఆ చిప్ పరిస్థితి అదే. రిమోట్ కదలకుండా ఉన్నప్పుడు భూమి ఆకర్షణని బట్టి ఎటు వంగి ఉందో కొంత చెప్పగలదు. విసురుగా ఊపేటప్పుడు భూమి లాగుడూ, చేతి లాగుడూ కలిసిపోతాయి, విడదీయడం దాని వల్ల కాదు.

రిమోట్ కొసలో ఒక చిన్న కెమెరా కూడా ఉంటుంది. టీవీ మీద పెట్టే పట్టీలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాల్ని అది చూస్తుంది. అందుకే తెర మీద బాణం గుర్తు కదపడానికి బాగా పనికొస్తుంది. కత్తిలా తిప్పినప్పుడు ఆ కన్ను ఒకసారి ఇంటి కప్పుని, ఒకసారి నేలని చూస్తుంది. దీపాలు కనపడవు.

అందుకని ఆట తయారు చేసినవాళ్లు ఏం చేయగలరు? ఒక హద్దు పెట్టుకుంటారు. ఇంతకంటే ఎక్కువ కుదుపు వస్తే అది దెబ్బ అని. ఆ హద్దు దాటేదాకా ఆగాలి, అదే ఆలస్యం. దాటాక ముందే గీసి పెట్టిన కత్తి దెబ్బ బొమ్మ ఒకటి మొదలవుతుంది, అది అయ్యేదాకా ఆగాలి. మన చేతికీ, ఆ బొమ్మకీ సంబంధం ఒక్కటే. ఊపావు, సరే. అంత మాత్రానికి ఒక బటన్ చాలు. బటన్ అయితే నొక్కిన క్షణానికే పలుకుతుంది కూడా. ఊపడం పేరు చెప్పి బటన్ కంటే తక్కువ ఇచ్చారు. ఆ రోజుల్లో వీ మీద వచ్చిన చాలా ఆటల్లో ఈ జబ్బే ఉంది. అక్కడ ఊపేది బంతో గరిటో అయితే సరిపెట్టుకోవచ్చు. ఇక్కడ ఊపేది కాలిబర్న్. రాయిలోంచి నీ చేతికే వచ్చానని నోరు తెరిచి చెప్పే కత్తి. అది నా చేతి మాట వినకపోతే నేనెవర్ని మరి?

మరో సంగతి, నాకు ఎక్కువ బాధనిపించేది. అదే 2009 జూన్‌లో నింటెండో మోషన్‌ప్లస్ అనే చిన్న ముక్కని అమ్మకానికి పెట్టింది. రిమోట్ అడుగున తగిలించుకోవడమే. అందులో గైరోస్కోప్ ఉంటుంది. చెయ్యి ఏ వైపు, ఎంత వేగంగా తిరిగిందో అది చెప్తుంది. బస్సులో కళ్లు మూసుకున్నవాడికి మలుపులు లెక్కపెట్టే తోడు దొరికినట్టు. ఈ ఆట మార్చిలో వచ్చింది. మూడు నెలలు! 2011లో వచ్చిన 'జెల్డా: స్కైవర్డ్ స్వోర్డ్' ఆటకి మోషన్‌ప్లస్ ఉండి తీరాలి. శత్రువు అడ్డంగా కాచుకుంటే మనం నిలువుగా కొట్టాలి. చెయ్యి పైకెత్తి పట్టుకుంటే కత్తిలోకి వెలుగు చేరుతుంది. దాని మీదా ఫిర్యాదులు లేకపోలేదు, మధ్యమధ్యలో దిశ తప్పేది. అయినా ఆ చెయ్యి పైకెత్తే క్షణం ఉంది చూశారూ, ఆర్థర్ కథని ఆడిన అనుభూతి నాకు ఆ ఆటలో కలిగింది, ఆర్థర్ పేరే లేని ఆటలో.

చిప్ ఒక్కదాని మీదే నెపం వేస్తే న్యాయం కాదు. సోనిక్ ఆటలో ఆనందమంతా ఆగకపోవడంలో ఉంది. గుట్ట దిగేటప్పుడు వచ్చిన వేగం మలుపులో నిలుపుకుని, ఆ వేగంతోనే గాల్లోకి లేవడం. కత్తి యుద్ధంలో రుచి ఆగడంలో ఉంది. ఎదుటివాణ్ణి చూడాలి, ఎప్పుడు కదులుతాడో కనిపెట్టాలి, కాచుకోవాలి, అప్పుడు కొట్టాలి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఈ ఆటలో ఆ రెంటినీ ఒకే ఒరలో దూర్చారు. పరుగు అందుకున్నాడు అనుకునేలోపు ముగ్గురు పాతాళ సైనికులు అడ్డం నిలబడతారు. ఆగి, విదిలించి, మళ్లీ పరుగు. నాలుగు అడుగులకి మళ్లీ ముగ్గురు. చివరికి అటు పరుగూ లేదు, ఇటు యుద్ధమూ లేదు.

ఇవి చాలవన్నట్టు, కొన్నిచోట్ల దారిలో ఊరి జనం నిలబడి ఉంటారు. వాళ్లకి మన దగ్గరున్న ఉంగరాలు పంచాలి. వీరుడు బీదసాదల్ని ఆదుకోవాలి కదా, ఊహ మంచిదే. కానీ ఎలా పంచాలంటే, తెర మీద వచ్చిన బటన్లని ఆ వరసలోనే సరైన క్షణానికి నొక్కాలి. దానధర్మం కూడా తాళం తప్పకుండా కొట్టే చప్పట్లలా అయిపోయింది. అవతలి మనిషి ముఖం చూడ్డానికి తీరికే లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. నలుగురు కలిసి కొట్టుకునే పోటీ ఉంది, రెండు రోజులు ఆడాం, వదిలేశాం. దొరికిన వస్తువుల్ని నెట్ ద్వారా ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు ఉండేది. 2014 మేలో నింటెండో ఆ సర్వర్లు ఆపేసింది కాబట్టి అది ఇప్పుడు లేదు. సంగీతం, గిటార్ల హోరు, బాగుంటుంది. కథ నడిచే చోట్ల కాగితం మీద గీసినట్టున్న బొమ్మలు వస్తాయి. అవైతే చాలా బాగుంటాయి. ఇప్పటికీ ఒక్కోసారి వాటి కోసమే పెట్టుకుని చూస్తాను.

చివరి ఘట్టం గురించి చెప్పకుండా ఉండలేను. మెర్లీనా చీకటి రాణిగా మారుతుంది. మొదట సోనిక్ ఆమె ముందు నిలవలేకపోతాడు. లాన్సెలాట్, గావైన్, పెర్సివల్ తమ కత్తుల శక్తిని కాలిబర్న్‌కి ఇస్తారు. అప్పుడు తెలుస్తుంది, ఇంతసేపూ మనల్ని అదిలిస్తూ వచ్చిన ఆ కత్తే ఎక్స్‌కాలిబర్ అని. ఒర అక్కడ ఆమె దగ్గర, కత్తి ఇక్కడ ఇతని చేతిలో. మాలరీలో మెర్లిన్ అడిగిన ప్రశ్న గుర్తుందా? కత్తి కావాలా, ఒర కావాలా? ఆనాడు కుర్రరాజు కత్తి అంటే మెర్లిన్ తెలివితక్కువన్నాడు. ఆయన మనవరాలు ఒరే కావాలంది. ఈ ఆట మెర్లిన్‌కి ఐదు వందల ఏళ్ల తర్వాత జవాబు చెప్తోంది. చావు రాకుండా కాపాడేది కాదు, ఉన్నన్నాళ్లు చేత్తో పట్టుకుని నిలబడేదే ముఖ్యం అని. ఓడిపోయిన మెర్లీనా ఏడుస్తుంటే సోనిక్ ఆమెతో అంటాడు, ప్రతి లోకానికీ అంతం ఉంటుంది, బాధే, అందుకే ఉన్న కాలాన్ని నిండుగా బతకాలి అని. చాలా మామూలు మాటలే, పిల్లలకి చెప్పినట్టు. తర్వాత ఆ కత్తి, రాజు లేడనుకున్న వీరులందరి ముందు, నిజమైన ఆర్థర్ ఇతనే అని సోనిక్‌ని చూపిస్తుంది. కత్తి ఎవర్ని ఎంచుకుంటే వాడే రాజు. వీరులు మోకాళ్ల మీద వంగుతారు.

డల్లాస్‌లో ఆ రాత్రి ఒంటిగంటన్నర అయింది. నాకు గొంతు పట్టేసింది. మా గదిలో నెల్లూరు అబ్బాయి ఒకడుండేవాడు, ఆర్థర్ అంటే ఎవరో వాడికి తెలియదు, వాడు కూడా చదువుతున్న పుస్తకం పక్కన పెట్టి చూస్తున్నాడు. అదే సమయంలో నా కుడి చెయ్యి ఒళ్లో ఉంది. ఆ చివరి యుద్ధమంతా నేను మణికట్టు విదిలిస్తూనే గెలిచాను. కత్తి నన్ను ఎంచుకుందని తెర మీద చెప్తున్నారు. చెయ్యి మాత్రం ఒప్పుకోవడం లేదు. రాసినవాళ్లు చేయగలిగిందంతా చేశారు, గీసినవాళ్లు చేశారు, పాడినవాళ్లు చేశారు. ఆ ఒక్క నమ్మకం చేతి గుండా రావాలి, అది రాలేదు. పూర్తిగా పాడైన ఆట అయితే ఇన్నేళ్లు గుర్తుండేది కాదు నాకు. దీని గురించి మాట్లాడటానికి ఇంతదూరం వచ్చేవాణ్ణి కాదు.

సరే. ఆ వీ ఇంకా నా దగ్గరే ఉంది, ఇవాళ వెంట తెచ్చాను. ఈ టీవీకి తగిలించి ఉంది చూడండి. మోషన్‌ప్లస్ లేదు దీనికి, ఆనాటి రిమోటే. ఎవరైనా ఒకరు రండి. నువ్వా, రామ్మా. ముందు ఆ తాడు మణికట్టుకి వేసుకో, జారిపోకుండా. ఆ, అలాగే. ఇప్పుడు తెర వైపు చూడకు, నీ చెయ్యి వైపు చూసుకుంటూ, నిజంగా కత్తి పట్టుకున్నానని అనుకుని గట్టిగా మూడుసార్లు ఊపు. మిగతావాళ్లు తెర చూడండి. తర్వాత ఏం కనిపించిందో మీరు చెప్పండి.